ఇల్లాలు నవ్వింది

"మా ఆవిడకి హాస్యం అంటే ఏమిటో బొత్తిగా తెలీదండీ," అన్నాడు రచయిత మైకులో. "నేను రాసిన ఒక్క జోకుకీ ఇంతవరకూ నవ్విన పాపాన పోలేదు. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇంత కామెడీ రాశానంటే, నాకు ఈ షీల్డు పక్కన ఇంకో షీల్డు ఇవ్వాలి!"

హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య కూడా అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

అది ఆయన రాసిన సినిమా విజయోత్సవం. పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఒకడు డాక్టర్నని బొంకి పెళ్ళి చేసుకుంటాడు. అత్తారింటి చుట్టాలంతా రోగాలతో వరస కడతారు. అదీ కథ. అలవాటు కొద్దీ అతను అత్తగారి నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. ఆవిడ కంగారుపడిపోయి, "వయసు మాత్రం పైకి చెప్పకు నాయనా, మీ మామగారు వింటారు" అంటుంది.

థియేటర్లో ఆ మాటకి అందరికంటే గట్టిగా నవ్వింది రచయితే. "అబ్బ, భలే రాశానే!" అని పక్కవాడి తొడ మీద చరిచాడు కూడా.

సినిమా ఆడిన తీరు చూసి ఒక టీవీ చానెల్ ఆయనకి కబురు పెట్టింది.

"అదే అల్లుడు, అదే అత్తగారు," అన్నాడు చానెల్ మేనేజరు. "వారానికో చుట్టం, వారానికో రోగం. మాటలు మీవే. మేం ఒక్క అక్షరం ముట్టుకోం సార్."

"ముట్టుకుంటే ఊరుకుంటానేమిటి?" అన్నాడు రచయిత.

ఇంట్లో మళ్ళీ పాత పద్ధతి మొదలైంది. ఆయన ముందుగదిలో పడక్కుర్చీలో వాలి సీను రాస్తాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, అత్తకో గొంతూ అల్లుడికో గొంతూ పెట్టి భార్యకి చదివి వినిపిస్తాడు. ఆ కాయితాలు అక్కడే పడేసి వెళ్ళి కునుకు తీస్తాడు. కోడి కెలికినట్టుండే ఆ దస్తూరి ఆవిడకి తప్ప ఎవరికీ అర్థం కాదు కాబట్టి, టైపు చేసి పంపే చాకిరీ ఆవిడదే. ఒకసారి రాసింది మళ్ళీ చూసుకోవడం ఆయనకి నామోషీ.

సినిమా రోజుల్లో ఆవిడ ఈ చదువంతా ఉలుకూ పలుకూ లేకుండా వినేది. మహా అయితే, "ఉప్పు తక్కువైందండీ" అనేది. కూర గురించో సీను గురించో ఆయన ఏనాడూ అడగలేదు.

ఈసారి మొదటి సీనుకే వింత జరిగింది.

అత్తగారు "కడుపులో గ్యాసు అల్లుడూ" అంటుంది. అల్లుడు పొయ్యి తెచ్చి పక్కన పెడతాడు. అంతే, ఇల్లాలు నవ్వింది. గరిటె వదిలేసి, గోడకి చేరగిలబడి, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

రచయిత బిత్తరపోయాడు. "ఏమిటే, నిజంగా నవ్వొచ్చిందా?"

"ఇలాంటిది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరండీ!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన పరుగున వెళ్ళి మేనేజరుకి ఫోన్ చేశాడు. "మా ఆవిడే నవ్విందండీ! ఇక జనం సంగతి చెప్పాలా? కుర్చీలకి కట్టేసుకుని చూడమని ముందే హెచ్చరించండి."

షూటింగులో అత్తగారి వేషం వేసిన నటి కాయితం అటూ ఇటూ తిప్పి చూసింది. "బాబూ, ఇందులో నవ్వాల్సింది ఎక్కడ?"

"నవ్వు వినిపించే చోట," అన్నాడు రచయిత.

ఆ మాట నిజమే. రికార్డు చేసిన నవ్వులు డబ్బాల కొద్దీ కొన్నారు. అత్తగారు తలుపు తీసినా నవ్వే, వేసినా నవ్వే.

మొదటి వారం ప్రసారమయ్యాక బావమరిది ఫోన్ చేశాడు. "చూశాం బావా, బాగుంది. ఇంతకీ కామెడీ ఎప్పటి నుంచి మొదలవుతుంది?"

"వెళ్ళి మీ అక్కని అడుగు," అని ఠక్కున పెట్టేశాడు రచయిత.

రెండో వారానికి ప్రకటనలు సగమయ్యాయి. మూడో వారం ఒక పత్రిక, "ఈ సీరియల్లో రోగాలన్నీ ఉత్తుత్తివే, చూసేవాడికి వచ్చే తలనొప్పి ఒక్కటే నిజం" అని రాసింది. రచయితకి కాస్త గుబులు పుట్టింది. కొత్త సీను పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. ఇల్లాలు నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. ఆయన గుబులు అక్కడికక్కడే ఎగిరిపోయింది.

నెల తిరక్కుండా మేనేజరు పిలిచాడు.

"ఆపేస్తున్నాం సార్. చూసేవాళ్ళకంటే తీసేవాళ్ళమే ఎక్కువమంది ఉన్నాం."

రచయిత బయటికి వచ్చేసరికి అత్తగారి ఇంటి సెట్టు గోడల్ని నలుగురు మనుషులు మోసుకుపోతున్నారు. ఆయన్ని దారి ఇమ్మని కూడా అనలేదు, తోసుకుంటూ వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ద్రోహం! పచ్చి ద్రోహం!" అన్నాడు. "సినిమాలో నా మాటలు ఎలా పేలాయి! అదే చెయ్యి కదా ఇదీ రాసింది! ఆ నటికి తెలివి లేదు, ఆ మేనేజరుకి బుర్ర లేదు. వీళ్ళలో ఎవరో నా రాతలో వేలు పెట్టారు. మధ్యలో ఎవరో కావాలని నా మాటలు మార్చేశారే!"

ఎప్పుడూ వంటింట్లోంచే జవాబు చెప్పే ఇల్లాలు, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. ఇప్పుడు నవ్వడం లేదు. ఆయన మొహంలోకి జాలిగానే చూసింది.

"అబ్బే, ఎవరూ మార్చలేదండీ, ఈసారి మీరు రాసింది రాసినట్టే టైపు చేశాను."