విప్పుడు తాత

"విప్పు."

ముసలాయన మళ్లీ అదే మాట అన్నాడు.

ఆమె కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే పళ్లు కొరికింది.

"ఇప్పుడేమైంది?"

"పట్టీని పైగుడ్డకే కుట్టావు. బరువు పడిందంటే గుడ్డ చిరిగి పట్టీ చేతికొస్తుంది. చట్రం గొట్టం చుట్టూ తిప్పి, దానిమీద అడ్డంగా కుట్టాలి."

"ఆ చెప్పేదేదో కుట్టకముందే చెప్పొచ్చుగా?"

"ముందు చెబితే వింటావా?"

టార్పాలిన్లు కుట్టే షెడ్డు అది. ఖాళీగా ఉన్న మిషన్లు అద్దెకిస్తారు.

అంతకుముందు ఆమె కుట్టింది ఒకే ఒక్కటి. తమ్ముడు నడుముకి కట్టుకునే చిన్న సంచి. ఎర్రదారంతో కష్టపడి కుట్టింది. తీరా చూస్తే కుట్లూ పీలికలూ బయటికి, గుడ్డ నున్నటి వైపు లోపలికి!

"అక్కా, నీ సంచికి సిగ్గెక్కువ. మొహం లోపల దాచుకుంది" అని పడీపడీ నవ్వి, దాన్ని అలాగే నడుముకి కట్టుకుని కొండెక్కాడు వాడు.

తిరిగి రాలేదు.

మంచుచరియ విరిగిపడింది. గాలింపు జట్టు కొన్నాళ్లు వెతికింది. మంచు కరిగేదాకా పైకి ఎవరూ వెళ్లకూడదని చెప్పి దిగిపోయింది.

ఆమె వెళ్లదలుచుకుంది.

కాలో చెయ్యో విరిగి ఏ బండ చాటునో పడి ఉంటాడు. వీపున కట్టుకుని దింపాలి. మనిషిని మోసే సంచి ఏ కొట్లోనూ దొరకలేదు. అందుకే పాత మడతకుర్చీ గొట్టాలు ఊడదీసి చట్రం కట్టింది. దానికి గుడ్డ తొడిగింది. మందులకో అర, నీళ్లసీసాకో అర, వాడికిష్టమైన బిస్కెట్లకో అర.

సంచి పూర్తయిన మర్నాడే ప్రయాణం.

పూర్తయితేగా!

ఆ ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం దాటాక వస్తాడు. పక్క మిషను దగ్గర కూలబడతాడు. ఆమె కుట్టుకి వంక పెడతాడు. ఆమె మనసులోనే ఆయనకు విప్పుడు తాత అని పేరు పెట్టేసింది.

వీధంతా పొడిగా ఉన్నా ఆయన బూట్లు మాత్రం నీళ్లోడుతూ ఉండేవి.

"రోజూ ఏ కాలవలో ఈదొస్తావయ్యా పెద్దాయనా? తుడవలేక నా నడుం పడిపోతోంది!" అని షెడ్డు యజమానురాలు అరిచేది.

ఆయన నవ్వి కాళ్లు మిషను కిందికి లాక్కునేవాడు.

ఒకరోజు షెడ్డులోకి అడుగుపెడుతూనే ఆమె సంచి వైపు చూసింది. ముందురోజు కుట్టిన భుజం పట్టీలు రెండూ ఊడి వేలాడుతున్నాయి.

"నిన్న నువ్వెళ్లాక తాతే బ్లేడు పట్టుకు కూర్చున్నాడే అమ్మాయ్" అంది యజమానురాలు. "ఇదేం పనయ్యా అంటే, కుట్టు బాగా కుదిరిపోయిందమ్మా అన్నాడు. చాదస్తం కాకపోతే!"

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. అవే తడిబూట్లు. వేళ్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి. అరచేతి చాటున ఏదో చిన్న గుడ్డ కుట్టుకుంటున్నాడు. ఆమె దగ్గరికి రావడం చూసి జేబులో దోపేశాడు.

"అమ్మా, నీతో ఒక మాట..."

"మీతో నాకు మాటలేంటి? బాగున్న కుట్టు ఎందుకు విప్పారు?"

"పైన మంచు ఇంకా కదులుతోంది. నువ్వు వెళితే..."

"నేనేమైపోతే మీకేం? వాడక్కడ నాకోసం ఎదురుచూస్తుంటాడు! మీకూ ఒక తమ్ముడుంటే తెలిసేది."

ఆయన చెయ్యి జేబులోకి పోయింది. ఖాళీగానే బయటికొచ్చింది.

"పోనీ, ఆ చట్రం ఒక్క పూట నాకియ్యమ్మా. పట్టీలు నేనే కుట్టుకుంటా. ఒక బరువు దింపాలి."

"మీ బరువు మీ వీపునే మోసుకోండి. ఇంకోసారి ఇటు రావద్దు."

ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, గోడకి వేలాడుతున్న తాడుచుట్ట ఒకటి యజమానురాలిని అడిగి తీసుకున్నాడు. వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

విప్పేవాళ్లు లేకపోవడంతో సంచి చకచకా పూర్తయింది.

ఆమె దాన్ని వీపుకి తగిలించుకుని షెడ్డు గుమ్మం దిగుతుంటే గాలింపు జట్టు నాయకుడు ఎదురొచ్చాడు.

"ఇద్దర్నీ దింపామమ్మా."

"ఇద్దరేంటి? వెళ్లింది మావాడొక్కడేగా!"

నాయకుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీవాడు మంచు పడిన రోజే పోయాడమ్మా. రెండో ఆయన ఈమధ్యే. సగం దూరం దిగాక బండకి ఆనుకుని కూర్చున్నాడు. ఇక లేవలేదు."

ఆమె చేతిలో ఒక చిన్న సంచి పెట్టాడు.

"ఆ పెద్దాయన జేబులో ఉంది. మీదేనా?"

"కాదు. నేను కుట్టింది తిరగబడి ఉంటుంది, దాని..."

ఆమె వేలు కుట్టు మీద ఆగింది.

అదే ఎర్రదారం. పాత కుట్లన్నీ ఓపిగ్గా విప్పి, నున్నటి వైపు పైకి తిప్పి, అదే దారంతో మళ్లీ కుట్టారు ఎవరో.

"తడిబూట్ల పెద్దాయనేనా?" యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. "ఎవరు బాబూ ఆయన?"

"మంచులో మనిషిని వెతకడం మా అందరికీ నేర్పిన గురువు. మేం ఆపేశాక కూడా రోజూ చీకటితోనే ఒక్కడే ఎక్కి వెతికేవాడట. వద్దంటామని మాకూ చెప్పలేదు. ఇల్లు చేరలేదని తెలిసి పైకి వెళితే కనిపించాడు."

నాయకుడు ఆమె వీపున ఉన్న ఖాళీ చట్రం వైపు చూశాడు.

"ఇలాంటిది ఒక్కటి దగ్గరుంటే దిగిపోయేవాడేనమ్మా. మీ తమ్ముణ్ణి వట్టి తాడుతో వీపుకి కట్టుకున్నాడు, ఆ తాడు రెండు భుజాల్లోకీ దిగిపోయి ఉంది."