బారెడు వేరు

పైపును నిలువునా కోసి ఇసుక రాల్చగానే వసుమతి గుండె జారిపోయింది. బారెడు లోతుకు దిగాల్సిన వేరు జానెడైనా లేదు. పైపైనే గుబురుగా అల్లుకుని, కుండీలో బంతిమొక్కలా సుఖపడిపోయింది. రెండో పైపూ అంతే, మూడోదీ అంతే. లోపల ఇసుక తడిగా తగిలింది.

"వీటికి నీళ్లెవరు పోశారండీ?"

పక్కన పైపు పట్టుకున్న భర్త రవికాంత్ తెల్లబోయాడు.

ఎడారి పొదకు నీళ్లు ఆపేస్తే పైన ఎదగడం మానేసి, ఉన్న శక్తంతా వేరుకే పెట్టి, తడి వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది. ఎలా దిగుతుందన్నదే వసుమతి పరిశోధన. అమీర్‌పేటలో అద్దె మేడ మీద ఈ పైపుల తోట అందుకే. మండుటెండలోనూ ఆకు వాడకపోతే, లోపల వేరు దిగుతోందని పిచ్చిది సంబరపడింది. ఈసారీ ఫలితం చూపించకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దేనని గైడు ముందే చెప్పేశారు.

పక్క మేడ పిట్టగోడ మీంచి, మగ్గు పట్టుకుని ఫఖ్రున్నీసా తొంగిచూసింది. ఆ ఇంటి పెద్దావిడ.

"గట్ల పీకేసినవేంది బిడ్డా? మంచిగ పచ్చగుండె. నువ్వు కాలేజీకి పోయినంక దినాం నేనే నీళ్లు పోస్తుంటి."

"మీరా?" వసుమతి విసురుగా పిట్టగోడ దగ్గరికి వెళ్లింది.

"జర నా మాట విను బేటీ..."

"ఏమీ చెప్పకండి. మీకో దణ్ణం."

రవికాంత్ ఆమె భుజం పట్టుకుని కిందికి తీసుకొచ్చాడు.

"పెద్దావిడ. దాహం తీరిస్తే పుణ్యమనుకుని ఉంటారు. గొడవెందుకు వసూ, మాట్లాడడం మానెయ్, చాలు."

ఎంత మంచి మనసు అనుకుంది వసుమతి. ఆ పైపులన్నీ మూడంతస్తులు మోసిందీ అతనే.

గైడు అన్నంత పనీ చేశారు. రాత్రంతా ఏడ్చిన పెళ్లానికి రవికాంత్ పొద్దున్నే కాఫీ కలిపి ఇచ్చాడు.

"జావా నేర్చుకో. పంజాగుట్టలో మా ఆఫీసు వాళ్లే పిలిచి ఉద్యోగమిస్తారు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లొచ్చు."

కాదనడానికి ఏముంది? చేరింది. ఊపిరాడని ఆ క్లాసులో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ముసలావిడ మీద ఒళ్లు మండేది. ఎదురుపడితే మొహం తిప్పుకునేది.

రంజాన్ పండగనాడు షీర్ ఖుర్మా గిన్నెతో ఫఖ్రున్నీసా గుమ్మంలోకే వచ్చేసింది.

"ఇంకెన్నాళ్లు బేటీ గీ గుస్సా?"

వసుమతి ఇక ఆపుకోలేకపోయింది.

"నా చదువంతా మట్టిలో కలిపేశారు ఆంటీ. నా మొక్కలకి నీళ్లు పొయ్యమని మిమ్మల్ని ఎవరడిగారు?"

ముసలావిడ బిత్తరపోయి చూసింది.

"మీ ఆయనే కద బేటీ."