నరాల బలహీనత

“కుళాయిలో కరెంటేమిటి పెద్దమ్మా! అది మీ నరాల బలహీనత,” అన్నాడు ఎలక్ట్రీషియన్, బాత్రూంలో చెక్క స్టూలెక్కి పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ విప్పుతూ.

“గీజరు వేసినప్పుడే వస్తుందా నాయనా ఆ బలహీనత? కుళాయి ముట్టుకుంటే చాలు, చెయ్యి జిల్లుమంటోంది,” అంది గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ.

“అబ్బబ్బ, మళ్లీ మొదలెట్టావా అమ్మా!” హాల్లోంచి విసుక్కున్నాడు కొడుకు. “నాకెప్పుడూ కొట్టలేదే?”

“చన్నీళ్లు పోసుకునేవాడికి గీజరు సంగతేం తెలుస్తుందిరా?”

ఎలక్ట్రీషియన్‌కి మాత్రం సంగతంతా కళ్లెదుటే వేలాడుతోంది. షాకు కొట్టకుండా కాపాడాల్సిన గీజరు ఎర్తు వైరుని ఎవడో మహానుభావుడు కత్తిరించి, కొసకి ముచ్చటగా టేపు చుట్టి వదిలేశాడు. చూస్తేనే ఒళ్లు మండింది. కానీ అతనికో నియమం ఉంది. ఎవడో చేసిన వెధవపని మనం ముట్టుకున్నామా, అది మన మెడకే చుట్టుకుంటుంది. రేపు గీజరు పేలినా, గోడ కూలినా, ‘చివర్లో చెయ్యి పెట్టింది నువ్వే కదా’ అంటారు. తనని పిలిచింది ఫ్యానుకి. ఫ్యాను తిరిగితే చాలు.

“రోజూ కాసేపు నడవండి పెద్దమ్మా, అదే తగ్గిపోతుంది,” అని ఓ ఉచిత సలహా కూడా పారేశాడు.

“విన్నావా? తెలిసినవాడు చెబుతున్నాడు,” అన్నాడు కొడుకు, ఖర్చు తప్పినందుకు తెగ సంబరపడిపోతూ.

ఫ్యాను తిరిగింది. స్టూలు దిగిన ఎలక్ట్రీషియన్ చేతుల నిండా జిడ్డు. పెద్దావిడ సబ్బూ తువ్వాలూ పట్టుకొచ్చి, తలుపు పక్కనున్న స్విచ్‌బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.

“నీకోసమే గీజరు వేశాను. వేణ్ణీళ్లతో చేతులు కడుక్కో నాయనా, టీ ఇస్తాను.”

“పర్లేదు పెద్దమ్మా, ప్యాంటుకి తుడిచేసుకుంటా.”

“ఆ జిడ్డు చేతులతో టీ ఏం తాగుతావు! తిప్పు, కుళాయి తిప్పు.”

చెయ్యి చాచాడు. కింద తడి నేల, ఉత్త పాదాలు. స్టీలు కుళాయికి బెత్తెడు దూరంలో వేళ్లు ఆగిపోయాయి.

“ఏమైందయ్యా?” అంటూ కొడుకు కూడా లేచొచ్చాడు.

“అమ్మో, నా వల్ల కాదు!” ఎలక్ట్రీషియన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పెద్దావిడ పక్కకి జరిగింది. ఆమె వెనక గీజరు స్విచ్చి ఆఫ్‌లోనే ఉంది.

“నేనసలు గీజరు వెయ్యనే లేదు నాయనా. నీ నరాలెలా ఉన్నాయో చూద్దామని అలా అన్నానంతే.”