నీలం నరం

బొమ్మల కాలనీలో ఇప్పుడెవరూ దశావతారాలు చెయ్యడం లేదు. ఇంటింటా పొణికి కర్రతో గుండెలు, కాలేయాలు, పేగులు చెక్కుతున్నారు. ఆపరేషన్లు చేసే యంత్రాలు పని నేర్చుకునేది ఈ చవక బొమ్మల మీదే. వీరభద్రం చెక్కుతాడు. అతని భార్య కనకరత్నం వాటి మీద నరాలు గీసి రంగులు వేస్తుంది. మంచి రక్తానికి ఎరుపు, చెడు రక్తానికి నిండు నీలం.

ఆ రోజు కనకరత్నం కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రిలో యంత్రం ఆమె పొట్ట కోసి, అక్కడే ఆగిపోయింది.

"నీలం నరం కనబడట్లేదంట బాబాయ్," అంది నర్సు తలుపు దగ్గరకొచ్చి. "లోపలంతా ఎరుపేగా! అది దొరికితేగానీ ముందుకెళ్లదంట."

"డాక్టరుగారిని పిలవమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా."

"చేత్తో కోసే డాక్టర్లు ఇంకెక్కడున్నారు?"

వీరభద్రం ఇంటికి పరుగెత్తాడు. రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతుల్లో భార్య కుంచె, కొబ్బరిచిప్పలో నీలం రంగు.

"నన్ను లోపలికి పంపు తల్లీ. నీలం నేనే వేస్తా."

"ఎక్కడ వెయ్యాలో తెలుసా నీకు?"

వీరభద్రం కుంచె వంక చూశాడు.

"తెలీదమ్మా. నరాలు గీసేది ఆవిడేగా. ఒక్కసారి లేపు, అడుగుతా."