రంగుల గురించి మాత్రమే

"ఇది నీడ కాదు. వేళ్ల గుర్తులు. మెడకి ఎడమ పక్క నాలుగు, కుడి పక్క ఒకటి. ఎవరైనా ఆవిణ్ణి అడగండి."

నిఖిల బొమ్మ కింద ఆ మాట పడిన పది నిమిషాల్లో గ్రూపు భగ్గుమంది.

సింగపూర్‌లో బొమ్మలు వేసే తెలుగువాళ్ల గ్రూపు అది. రెండువందల పద్నాలుగు మంది. నడిపేది లలితకుమారి. సెరంగూన్‌లో ఇల్లు, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం.

గ్రూపుకి ఒకటే నియమం. బొమ్మ పెట్టేవాళ్లు దేని గురించి అభిప్రాయం కావాలో రాయాలి. చెప్పేవాళ్లు దాని గురించే చెప్పాలి.

ఆ నియమం పెట్టింది లలితే. రెండేళ్ల కిందట ఒక పిల్ల తన తల్లి బొమ్మ వేసి పెడితే, జనం బొమ్మ వదిలేసి తల్లి ముక్కు మీద జోకులేశారు. ఆ పిల్ల మళ్లీ బొమ్మ పెట్టలేదు.

నిఖిల తన బొమ్మ తానే వేసుకుంది. కింద రాసింది: "రంగుల గురించి మాత్రమే చెప్పండి."

నలభై మంది రంగుల గురించే చెప్పారు. ఊదా భలే కలిసిందన్నారు.

పరశురాముడు అనే ఆయన ఒక్కడే మెడ గురించి రాశాడు. ఫొటో లేదు. చేరి నెల కాలేదు. ఎవరూ ఎరగరు.

"అడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి పెద్దాయనా?" అన్నాడు వెంకటరాజు.

"అంకుల్ వెరీ క్రీపీ లా," అంది వర్షిత సింగపూర్ యాసలో.

"అడ్రసు పెట్టు. వచ్చి నీ మెడ మీద వేస్తా గుర్తులు," అన్నాడు ఉదయ్. దానికి ముప్పై లైకులు వచ్చాయి.

నిఖిల భర్త మహీధర్ కూడా గ్రూపులో ఉన్నాడు. "మా ఆవిడ తరఫున మాట్లాడినందుకు అందరికీ థాంక్స్ అండీ," అన్నాడు.

లలిత సెంగ్‌కాంగ్‌లో ఉండే నిఖిల ఫోనుకి చేసింది. మహీధర్ ఎత్తి స్పీకర్‌లో పెట్టాడు.

"బాధపడకు నిఖిలా. ఆయన్ని నేను హెచ్చరిస్తాను."

"పర్లేదు ఆంటీ. ఆ బొమ్మ మీరు ఇంకోసారి చూస్తారా?"

"చూశానమ్మా. రంగులు కుదిరాయి."

"సరే ఆంటీ."

రెండు వారాలకి నిఖిల ఇంకో బొమ్మ పెట్టింది. ఈసారి మొహం. కింద అదే మాట.

పరశురాముడు రాశాడు: "రంగుల గురించే చెప్తున్నాను. కంటి కింద పసుపు, అది వారం కిందటిది. పెదవి మీద ఊదా, అది నిన్నటిది."

చెయ్యి విరగ్గొడతామన్నవాళ్లు, పళ్లు రాలగొడతామన్నవాళ్లు వరసకట్టారు. లలిత అవన్నీ చదివింది. ఒక్కటీ తీసెయ్యలేదు. ఆయనకి మాత్రం విడిగా రాసింది.

"నియమం తెలుసు కదండీ?"

"తెలుసు. రంగులు చూడమంది, చూశాను. మీరూ చూడండి."

"అంత అనుమానముంటే పోలీసులకి మీరే చెప్పొచ్చుగా?"

"నా వల్ల కాదు. మీరు వెళ్లి తలుపు కొట్టండి. మంగళ, గురువారాలు అతను ఆఫీసుకి వెళ్తాడు."

లలిత ఆ మాట రెండుసార్లు చదివింది.

"వాళ్లింట్లో ఎవరు ఎప్పుడుంటారో మీకెలా తెలుసు?"



ముసలాడు పిల్ల వెంట పడుతున్నాడనుకుంది. గ్రూపులోంచి తీసేసింది. బ్లాక్ చేసింది. అక్కడితో ఊరుకోక మహీధర్‌కి ఫోన్ చేసింది.

"జాగ్రత్త బాబూ. నువ్వు ఆఫీసుకి ఏయే రోజులు వెళ్తావో కూడా వాడికి తెలుసు."

"మంగళ, గురువారాలని చెప్పాడా?"

"అవును."

"థాంక్స్ ఆంటీ. నేను చూసుకుంటాను."

మర్నాడు బుధవారం. మధ్యాహ్నం రెండింటికి మహీధర్ బట్టలారేసే వెదురు కర్ర తీశాడు. కర్ర విరిగాక ఇస్త్రీపెట్టె అందుకున్నాడు.

పక్క ఫ్లాట్ మాలిని పోలీసులకి ఫోన్ చేసింది. ఆమెదీ ఆ గ్రూపే. ఊదా భలే కలిసిందన్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

"'ఎవడికి చెప్పావ్' అని అడుగుతూ కొట్టాడు ఆంటీ," అంది ఆసుపత్రిలో లలితతో. "గోడ ఇవతలికి వినిపించింది. పదిసార్లు అడిగుంటాడు. ఆ పిల్ల చెప్పలేదు."

మహీధర్‌ని పోలీసులు ఇంట్లోనే పట్టుకున్నారు. నిఖిల తలుపు తీసుకుని లిఫ్టు దాకా వచ్చి పడిపోయింది. పడ్డప్పుడు చేతిలో రంగుల డబ్బా ఉందట. అంబులెన్స్‌లో కూడా వదల్లేదట.

ఐదున్నరకి డాక్టరు వచ్చి, నిఖిల పోయిందని చెప్పింది.

వాళ్ల అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మర్నాటికి గానీ రారు. అప్పటిదాకా ఉంచమని నర్సు ఆ డబ్బా లలితకి ఇచ్చింది. మూత మీద రక్తం ఎండి ఉంది.

లలిత డబ్బా ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. రెండువందల పద్నాలుగు మందిలో ఒక్కడు చూశాడు. ఆ ఒక్కణ్ణీ తను గెంటేసింది.

ఫోన్ తీసి బ్లాక్ తొలగించింది. రాసింది.

"పరశురాముడు గారూ, మీరు చెప్పిందే నిజం. నిఖిల పోయింది. మీరెవరో నాకు తెలియదు. ఎక్కడున్నా వచ్చి మీ కాళ్లు పట్టుకుంటాను."

పంపింది.

ఒళ్లో డబ్బా వణికింది.

లలిత మూత తీసింది. రంగుల పళ్లెం ఎత్తింది.

పళ్లెం అడుగున, కుంచెలు తుడిచే గుడ్డలో చుట్టిన పాత ఫోను తెర మీద, తను అప్పుడే పంపిన మాటలు వెలుగుతున్నాయి.