నాయిన పేర ఒక ఫుల్లు

"నలభై మందికి ఎన్ని ఫుల్లులు పడతయి బావా?" అడిగాడు హరికిషన్.

ఓంప్రకాశ్ కళ్లు మూసుకుని లెక్కలోకి దిగాడు. సీతాఫల్‌మండి చుట్టాల్లో ఎవరింట పెళ్లయినా చావయినా మందు లెక్క ఆయనదే. మొహం చూసి పెగ్గులు చెప్పగలడు.

"ఫుల్లుకు నలుగురు. మౌలాలి రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేటోళ్లయితే ముగ్గురే. మీ చిన్నాయినను ఇద్దరి కింద వేస్కో. పోరగాళ్లకు రెండు కేసుల బీరు. తక్కువ పడ్డదనుకో, మనం పోయేదాంక చెప్పుకుంటరు."

"మరి నాయినకు?"

"ఆయన పేర ఒక ఫుల్లు. జెర మంచిది తీస్కుందాం. పిట్టకు పెట్టాలె గదా."

హరికిషన్ తండ్రి బిక్షం నిద్రలోనే పోయాడు. రేపు పెద్దకర్మ. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు. కాకి వచ్చి ముడితే తృప్తిగా వెళ్లినట్టు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

బతికుండగా తండ్రితో నాలుగు మాటలు మాట్లాడని హరికిషన్‌కు ఇప్పుడు ఒకటే పట్టుదల. ఆ కాకి ముట్టాలి.

బిక్షానికి ఏది ఇష్టమో సందంతా తెలుసు. తాగి పడిపోతే మోసుకొచ్చింది హరికిషనే. మానేస్తానని వేసిన ఒట్లన్నీ తండ్రి తీసి గట్టున పెట్టాక, విసిగిపోయి మేడ మీది రేకుల గదిలోకి మార్చేశాడు. అన్నం పళ్లెం మెట్ల మీద పెట్టేవాళ్లు. సాయంత్రమైతే ముసలాయన ఫ్లాస్కు చంకన పెట్టుకుని ఎవరిదో స్కూటరెక్కి వెళ్లేవాడు. ఇల్లు సద్దుమణిగాక వచ్చి, చప్పుడు చేయకుండా పైకెక్కేవాడు.

గేటు తీసిన చప్పుడైంది. తెల్లచొక్కా పెద్దాయన, చేతిలో అదే ఫ్లాస్కు.

"నా పేరు యెషయా, బాబూ. బిక్షమన్న ఫ్లాస్కు మా దగ్గర ఉండిపోయింది."

స్కూటరు మనిషి ఈయనే. హరికిషన్ ఒళ్లు మండిపోయింది.

"దినాం మా నాయినను తాగనీకి తీస్కపోయింది నువ్వేనా?"

యెషయా దగ్గరికి వచ్చాడు.

"రేపు ఆయన ముందర మందు పెట్టకు బాబూ. జెర నా మాట ఇను."

"ఎందుకు పెట్టొద్దు?"

"అది అన్ననే నీకు చెప్తానన్నడు. నన్ను చెప్పొద్దని మాట తీస్కున్నడు."

ఓంప్రకాశ్ నవ్వాడు. "ఇన్నేండ్లు తాపిచ్చి ఇప్పుడు నీతులా? రేపు రా పెద్దమనిషీ. నీకు సుత ఒక క్వార్టర్ లెక్కల వేసినం."

యెషయా ఫ్లాస్కును మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మేడ మీద విస్తరి వేశారు. మటన్, బోటి, గారెలు, గ్లాసు నిండా విస్కీ. కాకులు వాటర్ ట్యాంకు మీద వాలి చూస్తున్నాయి. ఒక్కటీ దిగదు.

ఎండ నెత్తికెక్కింది. కింద చుట్టాలకు ఆకలి, అంతకు మించి దాహం.

"బ్రాండు నచ్చలేదేమో" అన్నాడు ఓంప్రకాశ్. వైన్స్‌కు పోయి పాత బ్రాండు తెచ్చి పోశాడు. కాకి కదలలేదు.

హరికిషన్ చేతులు జోడించాడు. "నాయినా, ఇంకా కోపమేనా" అని గొణిగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓంప్రకాశ్ పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. "పిలవకున్నా వచ్చిండ్రు చూడు. నిన్నటాయన మందినేస్కొని వచ్చిండు. లెక్కంతా తప్పుతది."

సందుకు అవతల, గోడ నీడన, యెషయాతో పాటు కొందరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. గేటు దగ్గర బీరు కేసులున్నాయి. ఎవరూ ఇటు రావడం లేదు.

హరికిషన్ భార్య హిమజ ఫ్లాస్కు తెచ్చింది. "మామయ్య దీంట్లనే తాగుతుండె గదా. దీంట్ల పోసి పెడ్దాం."

మూత తీసింది. వాసన చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఇది మందు వాసన కాదు. అల్లం చాయ్."

హరికిషన్ అందుకుని వాసన చూశాడు. పోయిన వానాకాలం ఒక రాత్రి తండ్రి మెట్ల మధ్యలో నిలబడి, "హరీ, నీతోటి ఒక మాట" అన్నాడు. "తాగినోళ్ల మాట నేను ఇనను" అని తను తలుపేసుకున్నాడు. ఆ రాత్రి ఆయన దగ్గర మందు వాసన వచ్చిందా? దగ్గరికి పోయి ఉంటే కదా తెలిసేది.

గబగబా మెట్లు దిగి, కేసులు దాటుకుని సందులోకి వచ్చాడు.

"కాకా, నాయిన మీతోటి వచ్చి ఏం చేస్తుండె?"

యెషయా కళ్లు చెమ్మగిల్లాయి. "ఆయన ఏం చేస్తుండెనో నీ అంతట నువ్వు అడిగితేనే చెప్పమన్నడు బాబూ. చర్చి వెనక గదిల కూసుంటం, తాగుడు మానిన వాళ్లం. అందరికీ చాయ్ ఆయనే పోస్తుండె. మీ అమ్మ సంవత్సరీకం నుంచి చుక్క ముట్టలే."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నమ్మవని భయం. ధైర్యం చేసి ఒక్కపారి చెప్పబోయిండట."

హరికిషన్ తల ఎత్తలేకపోయాడు. అలాగే అడిగాడు. "లోపలికి రాకుండ ఈడనే నిలవడ్డరేంది?"

"ఆ కేసులు దాటి వచ్చే ధైర్యం మాలో కొందరికి ఇంకా లేదు."

"నిన్న మిమ్మల్ని అనరాని మాటలన్న కాకా. మా నాయినతోటి మాన్పించింది మీరా?"

యెషయా కాదన్నట్టు తల ఊపాడు. గోడ నీడన ఉన్న వాళ్లందరినీ ఒకసారి చూశాడు.

"వీళ్లందరితోటి మాన్పించింది మీ నాయిన, బాబూ. అందరికన్న ముందుగాల నాతోటి."