కాపు కొమ్మలు

"కట్టు విప్పకండి! విషం పైకి పాకుద్ది!"

లేయా అరిచినా ఆమె భర్త క్రాంతి కుమార్ ఆగలేదు. పిల్ల పిక్క పైన ఆమె బిగించి కట్టిన చీరపేలికను విప్పి, దూరంగా విసిరేశాడు. నాలుగేళ్ళ జెరూషా నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. కుడికాలి మడమ పక్కన రెండు ఎర్రటి చుక్కలు. వాటి చుట్టూ వాపు చూస్తుండగానే పెరుగుతోంది. చెట్టు కింద రాలిన మామిడికాయ కోసం ఎండుటాకుల్లో కాలు పెట్టింది పిల్ల. ఆకుల కింద రక్తపింజరి ఉంది.

"పసరాకు తెస్తానని పోయారుగా. ఏదీ ఆకు?"

"దొరకలా."

ఇంటి వెనక్కి పరుగెత్తినవాడు ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. చెమట పట్టిన జుట్టులో ఒక గడ్డిపరక ఇరుక్కుని ఉంది. మనిషి ఆమె కళ్ళలోకి చూడటం లేదు.

"అయితే నేనెత్తుకుని పోతా. ఎంతోటి దూరం? రెండు కిలోమీటర్లు పరిగెత్తితే రెడ్డిగూడెం రోడ్డెక్కుతాం. ఏదో ఒక ఆటో రాకపోద్దా?"

లేయా పిల్ల నడుం కింద చేతులు పెట్టింది. అతను ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు.

"దాన్ని కదిలించావంటే ఊరుకోను. కాలు అస్సలు కదలకూడదు."

"మరి ఇక్కడ కూర్చుని ఏం చెయ్యమంటారు? చూస్తా ఉండమంటారా?"

"దాని పక్కనే కూర్చో. ప్రార్థన చేసుకో. నన్నేం అడగమాక."

"అమ్మా, కాలు మండుతుందే," అని మూలిగింది జెరూషా.

ఆ ఇంటికి కరెంటు తీగ లేదు. అతనే రానివ్వలేదు. నూతిలో నీళ్ళు, పుల్లల పొయ్యి, పొద్దుగూకితే కిరసనాయిలు దీపం. ఫోను ఈ కంచె దాటి లోపలికొస్తే తను బయటికి పోతానని చర్చిలో అందరి ముందూ చెప్పినవాడు. నిన్నటిదాకా అదంతా మొండితనం అనుకుంది లేయా. ఇవాళ ఆ ముఖం చూడబుద్ధి కాక పిల్ల వైపు తిరిగింది.

అతను చూరులోంచి కొమ్మలు కొట్టే కత్తి లాగాడు.

"ఏవండీ! కత్తెందుకు? ఎక్కడికి?"

అతను గడప దాటి వెళ్ళిపోయాడు. కాసేపటికి మొదలైంది చప్పుడు. ఠక్. ఠక్. ఠక్.

లేయా గుమ్మంలోంచి తొంగి చూసింది. బండిదారికి రెండు పక్కలా చిన్నరసాల మామిడిచెట్లు కాపు బరువుతో నేలకు వంగి ఉన్నాయి. ఆ కొమ్మలనే నరుకుతున్నాడు! కాయ కోయడానికొచ్చిన కూలి చెయ్యి తగిలి ఒక రెమ్మ విరిగితే ఆ పూట అన్నం తినని మనిషి. ఇప్పుడు గుత్తులకు గుత్తులు కాయలు దుమ్ములో దొర్లుతున్నాయి. తెగిన చోట సొన కారుతోంది. అతను వాటిని కాళ్ళతో పక్కకు తోసి ముందుకు పోతున్నాడు. చివరికి ముళ్ళతడికను గుంజలతో సహా పెరికి పారేశాడు.

'పిల్ల మీద ఆశ వదిలేసుకున్నాడు,' అనుకుంది లేయా. 'పిల్లే లేకపోయాక ఈ తోటెందుకని కొట్టేస్తున్నాడు. మతి పోయింది ఈయనకి.'

జెరూషా చిగుళ్ళలో నెత్తురు కనబడింది.

ఇక ఆమె ఆగలేకపోయింది. "రెండు నిమిషాలు తల్లీ. కాలు కదపకు, నా బంగారం కదూ," అని చెప్పి వెనక పాకలోకి పరుగెత్తింది. మూలన కాయలు మాగబెట్టిన వరిగడ్డి ఉంది. మోచేతుల దాకా దూర్చి వెతికింది. అడుగున చేతికి తగిలింది టిఫిను డబ్బా. అందులో పాత బటన్ల ఫోను. ఆదివారం ఆరాధనకు పోయినప్పుడు పాస్టరమ్మగారింట్లో ఛార్జింగు పెట్టుకుని, వారంలో ఒకసారి తన తల్లితో గుసగుసగా నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి దాచుకున్నది. ఆర్నెల్లుగా మొగుడి కంటపడకుండా కాపాడుకొచ్చింది. డబ్బా మూత వదులుగా ఉంది. అదేమిటా అని ఆలోచించే తీరిక లేదు ఆమెకు.

బయట కత్తి చప్పుడు ఆగిపోయింది.

ఎండుటాకుల మీద అడుగులు ఇటే వస్తున్నాయి. చూశాడంటే ఫోను నూతిలో పడేస్తాడు. అడ్డం వస్తే తనను ఏం చేస్తాడో! చేతిలో కత్తి కూడా ఉంది. ఏం చేసినా సరే, ఈ ఒక్క మాట చెప్పాక చెయ్యనీ అనుకుని, లేయా ఒకటి, సున్నా, ఎనిమిది నొక్కింది.

"హలో... అయ్యా, మా పాపని పాము కరిచిందండీ. రెడ్డిగూడెం అవతల, వీరయ్యగారి తోట దాటాక..."

"కంగారుపడమాకమ్మా. జెరూషా, నాలుగేళ్ళు, కుడికాలు. అంతేగా?" అంది అవతలి గొంతు. "అంబులెన్సు మీ మలుపు దాకా వచ్చేసింది. కట్టు విప్పేశారా? దారికి అడ్డమున్న కొమ్మలు కొట్టేశారా?"

అడుగులు సరిగ్గా ఆమె వెనక ఆగాయి. లేయా తిరిగి చూడలేదు.

"అవన్నీ... మీకెవరు చెప్పారండీ?"

"మీవారేనమ్మా. పావుగంట కిందట ఈ నంబరు నుంచే చేశారుగా."